ముద్దాయి స్నేహితుడు

ఫోన్ వచ్చినప్పుడు నేను రెండో తరగతి లెక్కల పుస్తకాలు దిద్దుతున్నాను. అవతల ఒక పెద్దావిడ గొంతు. పేరు చెప్పలేదు, క్షేమం అడగలేదు.

"అమ్మా, మీరు ఏడోవారు" అంది.

ఏం ఏడో, ఎవరిలో ఏడో నాకు అర్థం కాలేదు. రాంగ్ నంబరనుకుని పెట్టెయ్యబోతుంటే ఆవిడే మళ్ళీ అందుకుంది.

"మా ఆయన ఒక కాయితం రాసి పెట్టేరమ్మా. తను పోతే ఎవరెవరికి సెప్పాలో వరసగా రాసేరు. అందులో మీరు ఏడు. మొన్న మంగళారం పోనారు. పెద్దకర్మ ఎప్పుడో కూడా సెప్పమన్నారు గానీ, రావడం మీ వీలును బట్టే అని రాసేరు."

అప్పుడు తెలిసింది ఎవరో. తన చావు కబురుకి కూడా వరస నంబర్లు వేసిపెట్టుకునే మనిషి కోరాపుట్ జిల్లా మొత్తానికి ఆయన ఒక్కరే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, చివరికి ఏడుపే మిగిలింది. ఆ కాగితంలో చుట్టాల పేర్లు లేవట. ఉన్న పదకొండూ ఆయన ఒకప్పుడు కోర్టులో కాపాడిన, కాపాడలేకపోయిన ముద్దాయిలవి, వాళ్ళ ఇంటివాళ్ళవి.

మిలిటరీ వకీలు అనేవారు ఆయన్ని అందరూ. సైన్యంలో న్యాయ విభాగంలో చేసి, రిటైరై, కోరాపుట్ వచ్చి క్రిమినల్ కేసులు చూసుకునేవారు. పుట్టింది గుణుపురం పక్క తెలుగు రైతుల ఇంట్లోనే. దేశమంతా తిరిగినా ఆయన నోట 'సెప్పు', 'సూడు' పోలేదు. కోపం వస్తే మాత్రం హిందీలో తిట్టేవారు, అది కూడా కుక్కల్నే.

మా ఆయన కోరాపుట్ దగ్గర ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో టెక్నీషియను. అత్తవారి ఊరూ గుణుపురం వైపే. తాతల కాలంలో శ్రీకాకుళం పల్లెల నుంచి ఒడిశాకి వచ్చి అక్కడ పొలాలు చేసుకున్నవాళ్ళు. అన్నదమ్ములు ఇద్దరే. మెట్ట పొలం అమ్మాలని ఈయన, వద్దని మా మరిది, ఓసారి పదిమందిలో పోట్లాడుకున్నారు. చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. వారం తిరక్కుండా మా మరిదే రాజీకొచ్చి, "పద అన్నియ్యా, నీ క్వార్టర్లో నాల్రోజులుండి వస్తాను" అని అన్న బండెక్కాడు.

వానాకాలం. నారాయణపట్న దారిలో ఒక వాగు కాజ్‌వే మీద నుంచి పొంగి పారుతోంది. ఆగుదామన్నాడు తమ్ముడు. మర్నాడు ఫస్టు షిఫ్టు, దాటేద్దామన్నాడు మా ఆయన. సగం దాటేసరికి బండి జారింది. చాలా దిగువన రాళ్ళ మధ్య తమ్ముడు దొరికాడు. ఎవరిదో ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం లేదు. తల పగిలి ఉంది.

ఆస్పత్రి వరండాలో శవం మీద పడి మా ఆయన ఏడ్చాడు. "నా సేతులారా నేనే సంపీసుకున్నాను రా తమ్ముడా" అని.

ఈ ఏడుపు ఎరగని తెలుగువాళ్ళుంటారా? మందు ఒక పూట ఆలస్యమై బిడ్డ పోతే తల్లి ఇలాగే ఏడుస్తుంది. కానీ అక్కడ చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుగు అంతంతమాత్రం. 'చేతులు', 'చంపడం' అన్న రెండు ముక్కలూ తెలిశాయి. అది ఒడియాలో కాగితం ఎక్కేసరికి 'నా చేతులతో నేనే తమ్ముణ్ణి చంపాను' అయింది. పొలం గొడవ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తల మీద దెబ్బ ఉండనే ఉంది. హత్య కేసు పెట్టి మా ఆయన్ని జైల్లో వేశారు.

పక్క క్వార్టరావిడ చెప్పింది, "మిలిటరీ వకీల్ని పెట్టుకోండి, ఆయనంటే జడ్జీలకి కూడా హడలు" అని. నేను పొడుగు మీసాలూ పెద్ద గొంతూ ఊహించుకుంటూ వెళ్ళాను. వరండాలో పీట మీద ఒక బక్క మనిషి కూర్చుని తన బూట్లు తానే పాలిష్ చేసుకుంటున్నాడు. నన్ను చూసి, రెండో బూటు అయ్యేదాకా ఆగమన్నాడు.

"ఒక బూటు మెరుస్తా, ఒకటి మట్టి కొట్టుకునీ ఉంటే నేను మాటాడలేనమ్మా" అన్నారు తర్వాత, క్షమాపణ లాగా.

నేనూ దాచుకోకుండా అడిగేశాను. "సార్, మీకు పైవాళ్ళ దగ్గర పలుకుబడి ఉందని వచ్చాను."

"ఎవలు సెప్పేరు? పలుకుబడుంటే ఈ రేకుల వరండాలో ఉంటానేటి? నా దగ్గర అలాటిదేటీ నేదు. మరొకర్ని సూసుకుంటానంటే ఏటీ అనుకోను."

నేను లేవలేదు. నిజం చెప్పాలంటే వేరే ఎవరి పేరూ నాకు తెలీదు. అప్పుడాయన చెప్పారు. మిలిటరీ కోర్టులో ముద్దాయి తరఫున ఒక ఆఫీసరుని కూర్చోబెడతారట. అతన్ని వకీలు అనరట, ముద్దాయి స్నేహితుడు అంటారట.

"కొన్నాళ్ళు ఆ కుర్చీలో కూకున్నాను, కొన్నాళ్ళు అవతల కుర్చీల్లో కూకున్నాను. ఇప్పుడింక ఆ ఒక్క కుర్చీయే సాలనుకున్నాను. అంతేనమ్మా నా గొప్ప. మీ ఆయన ఏటన్నాడు?"

"తనే చంపానన్నాడని రాశారు సార్."

"రాసింది కాదు. అన్నది. ఆ నోట ఏ మాటొచ్చిందో అదే సెప్పు."

చెప్పాను. జైల్లో మా ఆయన నాతో చెప్పిన మాట అది. గళ్ళ నోటుబుక్కు తీసి తెలుగులో గుండ్రంగా రాసుకున్నారు. రాసి, 'సంపీసుకున్నాను'లో 'సుకున్నాను' కింద గీత గీశారు. "ఈ ముక్క ఒడియాలోకి ఎలాగెల్లింది?" అన్నారు.

"వెళ్ళలేదు సార్."

"అదేనమ్మా మన కేసు" అని నోటుబుక్కు మూసేశారు. నాకు ధైర్యం రాలేదు సరికదా భయం వేసింది. మనిషి ప్రాణం ఒక మాట తోక మీద ఆధారపడుతుందంటే ఎవరికి నమ్మకం కలుగుతుంది?

ఆ తర్వాత పధ్నాలుగు నెలలు ఆయన వెనకాల తిరిగాను. కోర్టు పదిన్నరకైతే ఆయన పదికి ఉండేవారు. నేను పదీ పదికి వస్తే "ఆలస్యమైనాది" అనేవారు. నల్లకోటు ఇస్త్రీ తనే చేసుకునేవారు. భార్య చేస్తానంటే కాలర్ దగ్గర ఆవిడకి చేతకాదనేవారు, ఆవిడ వినేటట్టే. మిగతా వకీళ్ళు క్యాంటీన్లో కబుర్లాడుతుంటే ఈయన మెట్ల మీద కూర్చుని స్టీలు డబ్బాలో తెచ్చుకున్న అటుకులు తినేవారు. జైలుకి వెళ్తే పుల్లతో నేల మీద వాగు గీసి, "నువ్వెక్కడున్నావు? ఆడెక్కడున్నాడు? బండెటు పడ్డాది?" అని మా ఆయన చేత అడుగడుగూ చెప్పించేవారు. ఎవరైనా 'అంటే ఏమిటంటే' అని వివరించబోతే చెయ్యెత్తి ఆపేసేవారు. ఆయనకి అర్థాలు వద్దు, అన్న మాటలు కావాలి.

ఇంకో అలవాటుంది. కోర్టులో ముద్దాయి బోనులో నిలబడి ఉన్నంతసేపూ ఈయన కూర్చునేవారు కాదు. ఆయన కుడి మోకాలు అరిగిపోయింది, మెట్లెక్కుతుంటే మొహం కందిపోయేది. జడ్జిగారు ఓసారి తనే కూర్చోమన్నారు. "నా మనిషి నిలబడ్డాడు సార్" అని నిలబడే ఉన్నారు. తోటి వకీళ్ళు నవ్వుకున్నారు. నాకూ మొదట చాదస్తమనిపించింది. తర్వాత గమనించాను, బోనులో మా ఆయన ఎటూ చూసేవాడు కాదు, ఆయన్నే చూసేవాడు.

అసలు ఆయన పోరాటం పోలీసులతో కాదు, మా ఆయనతో.

నేరం ఒప్పుకుంటావా లేదా అని జడ్జి అడిగే రోజు దగ్గరపడింది. జైలు ములాఖత్‌లో మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "బాబూ, ఒప్పీసుకుంటాను. నేనే గదా దాటీద్దామన్నాను. ఆడు ఒద్దన్నాడు. జడ్జిగారికి తప్పయిపోనాదని సెప్పీసి ఈడే ఉండిపోతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఉండిపో. నేనూ నా కూతురూ ఏటైపోవాలో అదీ నువ్వే సెప్పు" అని అరిచాను. నేను చదువుకున్నదాన్నీ, టీచర్నీ అని అప్పుడు గుర్తులేదు. మా అమ్మ భాషే వచ్చింది నోట.

వకీలుగారు నన్ను ఆపలేదు. నేను అరిచి అరిచి ఊరుకున్నాక కమ్మీల దగ్గరికి జరిగి, మా ఆయనతో మాట్లాడారు.

"నాయనా, ఆ తప్పయిపోనాది అన్న మాట మనవాళ్ళు ఎక్కడైనా అనీస్తారు. పెద్దవోడు కోపంగా సూస్తే అంటారు, కాలు తగిలితే అంటారు, ఏ తప్పూ సెయ్యకపోయినా అంటారు. నీకది మర్యాద. కోర్టుకది ఒప్పుకోలు. ఆ మాట కోర్టులో నీ నోట వచ్చిందా, నేనింక ఏటీ సెయ్యలేను. ఏడవాలంటే ఇంటికెల్లి ఏడుద్దువు, నేనూ వచ్చి కూకుంటాను. కోర్టు ఏడుపు అడగదు. తమ్ముణ్ణి కొట్టేవా అని అడుగుద్ది. కొట్టేవా?"

"నేదు బాబూ."

"అయితే నేదు అను. అది కూడా ఆడి కోసమే అను."

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళి అదే ప్రశ్న, అదే జవాబు. చిన్న పిల్లలకి ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించేవారు. ఆ ఒక్క మాట మీద ఆయనకి అంత పట్టుదల ఎందుకో అప్పుడు నాకు తెలీదు.

ఆ రోజు వచ్చింది. జడ్జి ఒడియాలో అడిగారు, దుబాసీ తెలుగులో చెప్పాడు. మా ఆయన రెండు చేతులూ జోడించాడు. నోరు తెరిచాడు. చేతులు జోడిస్తే ఆ వెనక ఏ మాట వస్తుందో నాకు తెలుసు, పెళ్ళైన పద్దెనిమిదేళ్ళ నుంచి వింటున్నాను. వకీలుగారు మాత్రం కదల్లేదు, అలాగే నిలబడి మా ఆయన కళ్ళలోకి చూస్తున్నారు. కోర్టు హాలంతా ఎదురుచూసింది.

"నేదు" అన్నాడు మా ఆయన. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

సాక్ష్యాలు మొదలయ్యాక, ఆస్పత్రి వార్డులో పనిచేసే ఆయమ్మ బోను ఎక్కింది. ఒడియా ఆవిడ. ఆ ఏడుపు చెవులారా విన్న సాక్షి. ముద్దాయి తనే చంపానన్నాడని పోలీసులకి చెప్పింది. వకీలుగారు ఆవిడ మీద కేకలేస్తారనుకున్నాను. ఆయన "మావుసీ" అని పిలిచారు, పిన్నీ అన్నట్టు.

"మావుసీ, ఈ అబ్బాయి అన్న మాట, తెలుగులోదే, నీకు గుర్తుంటే చెప్పు."

ఆవిడ చెప్పింది. యాస వంకరపోయింది కానీ మాట పూర్తిగా ఉంది, తోకతో సహా.

"ఈ మాట అంతకు ముందెప్పుడైనా విన్నావా?"

"విన్నాను బాబూ. తెలుగువాళ్ళు అంటారు. ఆ ముందేడు వానల్లో ఒక తల్లి, జ్వరంతో బిడ్డ పోతే ఇదే మాట అని గోడకి తల కొట్టుకుంది."

"అప్పుడు పోలీసుల్ని పిలిచారా?"

ఆవిడ ఆయన్ని వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "పోలీసులెందుకు? సే త కాందుథిలా" అంది. అది ఏడుస్తోంది కదా, అని.

అనేశాక ఆవిడకే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ఆయన వైపు తిరిగి చూసింది. వకీలుగారు ఇంకో ప్రశ్న అడగలేదు. బయటికొచ్చాక, ఇంకా గట్టిగా అడగాల్సింది కదా అన్నాను. "ఆ తల్లి సెప్పీసిందమ్మా. దాని మీద మన మాటెందుకు" అన్నారు. శవపరీక్ష చేసిన డాక్టరు కూడా ఆ దెబ్బ రాళ్ళకి కొట్టుకున్నా తగలొచ్చని చెప్పాడు. రెండు నెలలకి మా ఆయన్ని వదిలేశారు.

కథ ఇక్కడితో అయిపోతే ఆయన నాకు ఒక మంచి వకీలుగానే గుర్తుండేవారు. విడుదలైన మూడో రోజు పొద్దున్నే తన పాత కారు వేసుకుని మా క్వార్టరుకొచ్చారు. "పదండి, గుణుపురం ఎల్దాం. మీ తమ్ముడి ఇంటికి" అన్నారు.

మా ఆయన గోడకి అతుక్కుపోయాడు. మా తోటికోడలు ఈ కేసులో పొలం గొడవ గురించి సాక్ష్యం చెప్పింది. పధ్నాలుగు నెలల్లో మా గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు. ఆమె మనసులో ఏముందో ఎవరికీ తెలీదు. "ఏ మొకం పెట్టుకునెల్తాను బాబూ" అన్నాడు మా ఆయన.

"ఉన్న మొకవే పెట్టుకునెల్దాం" అన్నారాయన.

ఆమె మమ్మల్ని లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అరుగు మీద చాప పరిచింది. చివరికి ఆమే తల దించుకుని అడిగింది.

"బావా, నీల్లల్లో పోతన్నప్పుడు ఏటన్నాడు?"

నాకు ఆ సంగతి తెలీదు. మా ఆయన నాతో ఎప్పుడూ చెప్పలేదు. వకీలుగారి వంక చూశాను. ఆయనకి తెలుసని ఆ మొహం చూడగానే అర్థమైంది. గళ్ళ నోటుబుక్కులో అది కూడా ఉందన్నమాట.

"సెప్పు నాయనా. ఇది కోర్టు కాదు" అన్నారాయన.

"కాజ్‌వే అంచున రాయి నాకు దొరికినాదమ్మా" అన్నాడు మా ఆయన. "రెండు సేతులా పట్టుకున్నాను. ఆడు దూరంగా ఉన్నాడు. రాయి ఒగ్గీసి, పట్టు వదిలీసి ఆడి కాడికి దూకుదామనుకున్నాను. 'అన్నియ్యా, ఒగ్గీకు, నువ్వు ఒగ్గీకు' అని అరిసేడు. నేను ఒగ్గలేదు. ఈ సేతులు ఒగ్గలేదమ్మా."

ఆమె ఏడవలేదు. చాలాసేపు అతని చేతుల వైపే చూసింది. తర్వాత అంది, "ఆడి మాట ఏ రోజూ ఇననోడివి. ఒకపాలైనా ఇన్నావు బావా."

అది క్షమించడమో దెప్పిపొడవడమో నాకిప్పటికీ తెలీదు. రెండూ అయ్యుంటాయి. అని, లేచి లోపలికెళ్ళి మా ముగ్గురికీ కంచాలు పెట్టింది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ, అన్నం ముందు కూర్చుని. మాట ఇచ్చినట్టే ఆయనా వాళ్ళ పక్కన కూర్చున్నారు.

తిరిగొస్తుంటే కారులో వెనక సీట్లో మా ఆయన నిద్రపోయాడు. నేను అడిగాను, ఆ మాట కోర్టులో ఎందుకు చెప్పించలేదని.

"దానికి సాక్షి ఎవలున్నారు? ఉన్నా, అది కోర్టు సొత్తు కాదమ్మా, ఆ పిల్లది. ముందు ఆ పిల్ల ఇనాలి" అన్నారు. రాయగడ దాటాం. ఘాట్ ఎక్కుతుండగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టారు.

"కుర్ర ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక సిపాయి మీద కోర్టు పెట్టేరు. ఇచ్ఛాపురం దగ్గిరోడు. కాపలాలో ఉండగా స్టోర్లో సామాను పోనాది. నేను కోర్టుకి సట్టం సెప్పే కుర్చీలో ఉన్నాను. ఒప్పుకుంటావా అని అడిగితే ఆడు సేతులు జోడించి తప్పయిపోనాది బాబూ అన్నాడు. దుబాసీకి మన తెలుగు సరిగ్గా రాదు. ఒప్పుకున్నాడన్నాడు. ఆ గదిలో ఆ మాట తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే అమ్మా. దుబాసీ పని నాది కాదనుకున్నాను. నోరిప్పలేదు. ఆడికి ఉద్యోగం పోనాది, జైలూ పడ్డాది. ఆ సామాను ఇంకొకడు తీసేడని ఏడాదికి తేలినాది. నేను అప్పటికి బదిలీ మీద ఎలిపోయేను."

ఆ సిపాయి పేరు, ఊరి పేరు చెప్పారు. రిటైరై వచ్చాక మూడుసార్లు ఇచ్ఛాపురం స్టేషన్లో దిగారట. మూడుసార్లూ తిరుగు రైలెక్కేశారట.

"మీ ఆయన్ని ఇయ్యాళ ఈడ్సుకెల్లేను గదా. నాకే ఆ ధైర్నం సాలలేదు. ఈ సలికాలం ఎల్తానమ్మా" అన్నారు.

ఆ చలికాలం మోకాలికి ఆపరేషన్ అయింది. మరుసటి ఏడు గుండె. నేను పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేదాన్ని కానీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది. పెద్దవాళ్ళని అలా అడగకూడదని ఊరుకున్నాను. అది నా పిరికితనం.

పెద్దకర్మకి ఇద్దరం వెళ్ళాం. వాళ్ళావిడ ఒంటరిగా దొరికినప్పుడు, ఇచ్ఛాపురం వైపు ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగాను. "అటు మాకెవరున్నారమ్మా?" అంది. ఆవిడకి కూడా చెప్పలేదన్నమాట. చెప్పాల్సినవాళ్ళ కాగితం తెప్పించుకుని చూశాను. పదకొండు పేర్ల కింద పన్నెండు అని అంకె వేసి ఉంది. దాని ఎదురుగా ఖాళీ.

తిరుగు బస్సులో మా ఆయనకి మొత్తం చెప్పాను. ఆ రోజు కారులో అతను నిద్రపోయాడు కదా, ఏమీ తెలీదు. జైలు నుంచి వచ్చాక అతను ఎక్కడికీ తనంత తానుగా బయల్దేరింది లేదు, పెళ్ళికైనా చావుకైనా నేను లాక్కెళ్ళాల్సిందే.

"ఊరి పేరు గుర్తుందా?" అని అడిగాడు.

ఉందన్నాను.

"ఆదివారం ఎల్దాం."

"వెళ్ళి ఏం చెప్తావు? ఆ మనిషి ఉన్నాడో లేడో, ఉన్నా తలుపు తీస్తాడో లేదో" అన్నాను.

"తియ్యకపోతే బయటే కూకుంటాను" అన్నాడు. "తీస్తే, ఆయన రాలేకపోయేరని సెప్తాను."